నాలుగు చక్రాల తూకం

“...కాటాలో అన్నా తప్పుండాలి, నీ నోట్లో అన్నా తప్పుండాలి. రెండూ సరిగ్గా ఉంటే యాభై కిలోలు ఎక్కడికి పోయినట్టు, ఎండకి ఎండిపోయినయ్యా?” అంటున్నాడు మెకానిక్ మీరా హుస్సేన్.

“కాటాకి మొన్ననే సీలు వేయించాం. నా నోరంటావా, ముప్ఫై ఏళ్ళుగా ఈ నోరు ఎంతంటే బజార్లో అంతే,” అన్నాడు అంకయ్య.

“బజారు సంగతి నాకెందుకయ్యా. కారు కాలవలోకి పోయింది.”

కారు పోయిన మాట నిజమే. పొగాకు వ్యాపారి రాఘవులు ఆ ఆదివారం మద్రాసు అవతల షోలవరంలో కార్ల పందేనికి తోలాల్సిన ఫియట్ అది. నిన్న సాయంత్రం నల్లపాడు రోడ్డు మీద బ్రేకు తొక్కి చూస్తే ఎడమకి లాగేసి, పక్క కాలవలోకి దిగి నిలబడింది. ఇప్పుడు రోశయ్య మిర్చి కొట్టు వాకిట్లో ఉంది.

అంకయ్య ఆ కొట్టులో కాటా మనిషి. ఇరవయ్యో ఏట తక్కెడ దగ్గర చేరాడు. మిరప ఘాటుకి ఊరంతా తుమ్ముతున్నా అతను తుమ్మడు. అతని తూకం మీద ఇంతవరకు ఎవరూ తగవు పెట్టుకోలేదు. అన్నదమ్ములు ఇత్తడి సామాను పంచుకోవాలన్నా అంకయ్యకే కబురు పెట్టేవారు. అంతకుమించి అతనికి ఆస్తి లేదు. ఇవాళ ఆ పేరు మీదకే వచ్చింది.

వీశెలు పోయి కిలోలు వచ్చిన ఏడాది అది. మీరా హుస్సేన్ నిన్న పొద్దున ఆ కాటాని అరువడిగాడు. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే బరువంతా దాని పక్కల రెండు కోళ్ళ మీద, మూలకి మూల, పడుతుందనీ, కారూ అంతేననీ అతని వాదన. మూడు చక్రాల కింద కాటా ఎత్తు దిమ్మలు పెట్టి, నాలుగోదాన్ని కాటా మీదకెక్కించి, రాఘవుల్ని సీట్లో కూర్చోబెట్టి, ఒక్కో చక్రమే తూయించాడు. అంకయ్య అరిచిన అంకెలు సుద్దతో నేల మీద రాసుకున్నాడు. ఎడమ ముందు చక్రం మీద బరువు చాలడం లేదని తేలింది. అక్కడి స్ప్రింగు కింద ఇనప బిళ్ళ వేశాడు. ఆ తర్వాతే కాలవ.

ఇవాళ పత్తి మిల్లు లారీ కాటా మీద, రాఘవులు కూర్చునుండగానే, కారు మొత్తం తూయిస్తే ఎనిమిది వందల డెబ్భై వచ్చింది. నేల మీది అంకెలు కలిపితే ఎనిమిది వందల ఇరవై.

“మళ్ళీ తూద్దాం,” అన్నాడు అంకయ్య.

దిమ్మలు పెట్టారు. రాఘవులు చుట్ట ఆర్పి కార్లో కూర్చున్నాడు. ఎడమ ముందు చక్రం కాటా ఎక్కింది. అంకయ్య అంకెలు చెక్కిన బద్ద మీద గుండు జరిపాడు. బద్ద తేలి నిలబడింది.

“రెండొందల ఇరవై ఐదు!”

మీరా హుస్సేన్ వంగి బద్ద చూశాడు. “గుండు ఎక్కడుంది?”

“రెండొందల ముప్ఫై ఐదు మీద.”

“నువ్వేమన్నావు?”

“రెండొందల ఇరవై ఐదు. ఐదు బస్తాల ఎత్తు గదా. గోతం బరువు కింద బస్తాకి రెండు తరుగు పోను...”

అంకయ్య ఆగాడు.

కార్లోంచి రాఘవులు తల బయటపెట్టాడు. “ఏమయ్యా, గోతం ఏదయ్యా ఇక్కడ? నన్నేమన్నా గోతంలో పెట్టారా?”

“నిన్న కూడా తీశావా?” అన్నాడు మీరా హుస్సేన్.

“తీసుంటాను.”

“నాలుగింటికీ పదేసి తీస్తే నలభయ్యే. మిగతా పది?”

అంకయ్య చక్రం వంక చూశాడు. “నిన్న ఈ చక్రం కడిగి తెచ్చావు. తడి సరుక్కి బస్తాకి నాలుగు, ఐదు బస్తాలకి ఇరవై.”

మీరా హుస్సేన్ నవ్వలేదు. నేల మీది అంకెలు చెప్పుతో చెరిపేశాడు. ఈసారి బద్ద తనే చదువుకుంటూ బిళ్ళ తీసి కుడివైపు వేశాడు. మధ్యాహ్నానికి రాఘవులు నల్లపాడు రోడ్డు మీద నాలుగుసార్లు బ్రేకు తొక్కి, గీత గీసినట్టు ఆగిందని చెప్పి, ఈ కథ షోలవరంలో అందరికీ చెబుతానని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అంకయ్య కాటాని కొట్లోకి చేర్చాడు. యలమందయ్య అనే రైతు బస్తాలు వరస కట్టి ఉన్నాయి. గుమస్తా పానకాలు చీటీల పుస్తకం తెరిచాడు. కిలోలొచ్చాక అచ్చేయించిన చీటీలవి. బరువుకొక గడి, పాత చీటీల్లో లేని తరుగుకొక గడి.

“పానకాలూ, నేను చెప్పిన దాంట్లోంచి నువ్వు తరుగు తీస్తున్నావా?”

“తీయకపోతే ఎట్టా? గడి ఉంది గదా.”

“ఎప్పట్నుంచి?”

“పంట మొదలుకాడ్నించి. బస్తాకి రెండు.”

“నేను తీసి చెబుతున్నానని నీకు తెలీదా?”

“నువ్వు తీస్తున్నట్టు ఇవాళ్టిదాకా నీకే తెలియకపోతే, నాకేం తెలుసు?”

గద్దె మీది రోశయ్య విసనకర్ర ఆపాడు. “రెండుసార్లు వద్దులే. రేపట్నుంచి ఒక్కసారే తీద్దాం. ఆ మాట ఇక్కడితో వదిలెయ్, అంకయ్యా. బస్తా ఎత్తించు.”

యలమందయ్య ఒకసారి రోశయ్య వంకా, ఒకసారి అంకయ్య వంకా చూశాడు.

అంకయ్య బస్తా ఎత్తించలేదు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“పానకాలూ, పంట మొదలు నుంచి మనకి సరుకేసిన వాళ్ళ పేర్లూ ఊళ్ళూ రాసియ్యి,” అన్నాడు. “రోశయ్యగారూ, రేపట్నుంచి కాటాకి ఇంకొకర్ని చూసుకోండి. ప్రతి ఊరూ వెళ్ళి చెప్పి వస్తాను.”