నలభై ఐదు పౌండ్ల బేరం

ఇవాళ పొద్దున కొట్టు తెరిచీ తెరవగానే, మొదటి బేరానికే పట్టుబడిపోయాను. జాకెట్టు ముక్క కోసం వచ్చిన ఒకమ్మాయి, నేను గుడ్డ తాను విప్పి పరుస్తుంటే నా ఎడమ ముంజేతి మీద కమిలిన మచ్చ చూసి, "అయ్యో, ఏంటండీ పిన్నిగారూ, కాలిందా?" అంది. "అవునమ్మా, పెనం" అన్నాను. అరవైకి దగ్గరపడి, తెనాలిలో మ్యాచింగ్ సెంటర్ నడుపుకునే మనిషిని, విల్లు నారి తగిలి కమిలిందని చెబితే ఆ పిల్ల ముక్క కొనడం మానేసి ముందు ఈ కబురు మోసుకుపోతుంది. మొదటి బేరం పోతుందన్న భయంతో అబద్ధమాడాను, అంతే. కానీ ఆమె వెళ్ళిపోయాక, అసలు సంగతి చెప్పి నవ్వుకోవడానికి ఊళ్ళో ఒక్క మనిషైనా లేదే అని తట్టి, విప్పిన తాను చుట్టకుండానే చాలాసేపు కూర్చున్నాను.

నాకీ విల్లు పిచ్చి అంటించింది మా అక్క. బాపట్లలో ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి, పెళ్ళి గిళ్ళి పెట్టుకోకుండా అక్కడే రిటైరై ఉండిపోయింది. ఇద్దరం నాన్న కొట్లో పప్పుల బస్తాల మధ్య పెరిగినవాళ్ళమే అయినా, బేరమాడే గుణమంతా నాకొచ్చింది, నిదానమంతా అక్క పట్టుకుపోయింది. మా ఆయన పోయాక, పిల్లలూ లేక, వారంలో ఆరు రోజులు నాకు కొట్టు, ఏడో రోజు అక్క. ఆదివారం పొద్దున రైలెక్కి బాపట్ల వెళ్ళడం, అక్క చేసిన రొయ్యల కూర తినడం, ఎండ చల్లబడ్డాక సముద్రం వైపు ఆవిడ శిష్యురాలి సరుగుడు తోటకి పోయి బాణాలు వెయ్యడం. గురికి గోనె సంచులు. వాటి నిండా మా కొట్లో మిగిలిన గుడ్డ పీలికలు. బాణం లాగినప్పుడల్లా ఏ చిలకపచ్చ పీలికో, వంకాయరంగు పీలికో దాని మొనకు తగులుకొచ్చేది. "నీ సరుకు ఎవరూ కొనకపోయినా బాణాలకి నచ్చిందే" అనేది అక్క.

మా దగ్గరున్నది ఒకే ఒక్క కాంపౌండ్ విల్లు, అక్క శిష్యురాలు వాడి వదిలేసింది. చేతుల పొడుగు చూసి బిగించాలి దాన్ని. అక్క మూర, నా మూర ఒకటే కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. రెండు కొసల్లోనూ చక్రాలు, వాటి మీదుగా తీగలు. ముప్పై ఐదు పౌండ్ల బరువు లాగుతూ లాగుతూ ఉంటే సగం దాటాక చక్రాలు తిరిగి, బరువంతా ఎవరో అందుకున్నట్టు తేలిపోతుంది. చివర్లో మన చేతిలో మిగిలేది పది పౌండ్లే. మొదట రేటు గట్టిగా చెప్పి, బతిమాలగానే తగ్గించే కొట్టువాడిలా అనిపించి, మొదటిరోజే ఆ విల్లు మీద నాకు గౌరవం కలిగింది.

అక్క నిరుడు వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆవిడ అద్దె ఇల్లు ఖాళీ చేసి, విల్లుని చీరల సంచిలో చుట్టుకుని తెనాలి తెచ్చుకున్నాను. చూస్తే ఒక తీగ పోగులు లేచిపోయి ఉంది. విజయవాడలో బాగుచేసే కుర్రాడు పట్టి పట్టి చూసి, "ఈ మోడల్ ఆపేశారండి, సామాను దొరకదు. ఇక వాడకండి, తెగితే ప్రమాదం" అన్నాడు. ఆ తర్వాత ఆదివారాలు ఎలా గడిచాయో చెబితే నవ్వుతారు. కొట్టుకి సెలవైనా షట్టరు సగం ఎత్తుకుని లోపల కూర్చునేదాన్ని, ఎవరైనా వచ్చి బేరమాడతారేమోనని. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. విల్లు కూడా పోతే నాకిక బాపట్ల వెళ్ళడానికి కారణమే లేదని తెలిశాక, చక్రాలూ తీగలూ లేని మామూలు కర్ర విల్లు ఎక్కడ దొరుకుతుందా అని వాకబు మొదలుపెట్టాను.

రేపల్లెలో ఒక మాస్టారు చేస్తారని తెలిసింది. వడ్రంగం నేర్పే బళ్ళో చేసి రిటైరైన, లూథరన్ చర్చికి వెళ్ళే పెద్దాయన. పాసింజరులో వేమూరు మీదుగా దారంతా ఎంతకి అడగాలి, ఎక్కడ ఆగాలి అని రిహార్సల్ వేసుకుంటూ వెళ్ళాను. ఆయన షెడ్డులో గోడకు వరసగా విళ్ళు, వెదురూ కర్రా పొరలుగా అంటించి చేసినవి. ఒక్కోదాని మీద పెన్సిలుతో బరువు రాసి ఉంది.

"ఈ చిన్నదెంతండీ?"

"అన్నీ ఒకటే రేటమ్మా."

"నలభై ఐదు పౌండ్లదీ, ఇరవై రెండుదీ ఒకటే రేటా?"

"పని ఒకటేగదండి."

అరగంట బతిమాలాను, లేచి గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆయన ఉలి నూరుకుంటూనే ఉన్నారు గానీ పైసా తగ్గలేదు. రేటు తగ్గనప్పుడు తూకమన్నా ఎక్కువ రాబట్టుకోవాలి. నాన్న కొట్లో నేర్చుకున్న పాఠమది. "అయితే ఆ నలభై ఐదుదే ఇవ్వండి" అన్నాను.

"వద్దమ్మా. ఇదేమన్నా కందిపప్పా, తూకానికి కొనుక్కోటానికి?"

"ముప్పై ఐదు లాగినదాన్నండి."

"లాగారు సరేనండి. పట్టుకున్నదెంత?"

పది అని చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. డబ్బిచ్చి విల్లు పట్టుకొచ్చేశాను. రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే సగం ధరకే కొట్టేసినంత సంబరం.

తర్వాతి ఆదివారం సరుగుడు తోటలో ఒక్కదాన్నే. ముందు నారి ఎక్కించడానికే ముప్పావుగంట పట్టింది. మోకాలి కింద అదిమిపట్టి, చెట్టుకి ఆనించి, ఆంజనేయస్వామికి మొక్కుకుని ఎలాగో ఎక్కించాను. లాగితే, లాగినకొద్దీ బరువెక్కుతోందే తప్ప తేలిపోయే చోటన్నది రాదు. చెయ్యి గడ్డం దాకా రాకముందే పట్టు తప్పి, బాణం నాలుగడుగుల దూరంలో ఇసకలో పడింది. భుజంలో ఏదో కలుక్కుమంది. నవ్వు వినిపిస్తుందని అలవాటుగా పక్కకి తిరిగాను. సరుగుళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. బాగా వేసినప్పుడు మెచ్చుకునేవాళ్ళు లేకపోయినా బతకొచ్చు గానీ, ఇంత దరిద్రంగా వేసినప్పుడు నవ్వేవాళ్ళు లేకపోతే మనిషి బతకడం కష్టం.

రెండు నెలలు భుజానికి తైలం రాసుకుంటూ గడిపాను. విల్లు వెనక్కివ్వడానికి మొహం చెల్లలేదు. మా కొట్లో గల్లాపెట్టె వెనక, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బోర్డు రాయించింది నేనే. చివరికి, ఒక ఆదివారం మధ్యాహ్నం సగం ఎత్తిన షట్టరు కింద కూర్చుని నాలో నేనే బేరమాడుకుంటూ, రెండువైపులా నేనే మాట్లాడటం చెవిని పడి, భయమేసి లేచాను. ఆ వారంలోనే రేపల్లె వెళ్ళాను.

మాస్టారు విల్లు అందుకుని గోడకు తగిలించేశారు. "వారంలో వస్తారనుకున్నానండి. రోషం గట్టిదే" అని, ఇరవై రెండుది చేతికిచ్చారు. "లాగి పట్టుకోండి. నేనో కీర్తనలో ఒక పాదం పాడతా. అయ్యేదాకా నిలిపితే ఇది మీది." ఆయన పాట ఎద్దుబండి నడకలా ఉంది. సగంలోనే నారి వేళ్ళలోంచి జారబోయింది.

"కొంచెం తొందరగా పాడకూడదాండీ?"

"దేవుడి పాటకి బేరాల్లేవమ్మా" అని, ఆగినచోటు నుంచి కాకుండా మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

నిలిపాను. బరువు ఎక్కడా తేలిపోలేదు, ఎవరూ అందుకోలేదు, మొత్తం నాదే. పాదం అయ్యాక నెమ్మదిగా నారి వదులు చేస్తుంటే కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేకపోయింది. మాస్టారు తెలివిగా చిత్రిక వెతుక్కోవడానికి అటు తిరిగారు.

కాసేపటికి నాలో కొట్టుమనిషి లేచింది. "సగానికి సగం తూకం తగ్గింది మాస్టారూ. కొసరన్నా ఏదన్నా ఇవ్వండి."

ఆయన నన్నొకసారి చూసి, "బాణాలెయ్యటానికి మీతోపాటు ఎవరన్నా వస్తారాండి?" అన్నారు.

"లేదండి. ఒక్కదాన్నే."

మేకుకు వేలాడుతున్న, నారి ఎక్కించే తాడొకటి తీశారు. రెండు కొసలకీ తోలు తొడుగులు. విల్లు కొసలకి తొడిగి, తాడు మధ్యలో కాలితో తొక్కి విల్లు పైకి లాగితే అదే వంగుతుంది. నారి జరిపి విల్లు కొసనున్న గాటులో వేసుకోవడమే. "రెండో మనిషి అక్కర్లేదండి దీనికి" అని నా సంచిలో పెట్టారు. జన్మలో ఎన్నో కొసర్లు గుంజాను. ఇంకో కొసరు అడగకుండా బయటికొచ్చింది ఆ ఒక్కసారే.

ఆ ఆదివారం బాపట్లలో నారి నేనే ఎక్కించుకున్నాను. పది అడుగుల నుంచి మొదలుపెట్టాను, బళ్ళో చేరిన పిల్లలా. వేసిన బాణాలు నేనే వెళ్ళి ఏరుకున్నాను, మళ్ళీ వేశాను. ఎవరి వంతు అన్న గొడవ లేదు. చీకటి పడేలోపు చాలా టైముంది, ఎంతకీ అయిపోలేదు. ఇన్నేళ్ళూ సాయంకాలాలు చిన్నవనే అనుకున్నాను. ఇద్దరం పంచుకోవడం వల్ల నా వాటా చిన్నదిగా కనిపించిందే తప్ప, సాయంకాలం మొదటినుంచీ ఇంత పొడుగుదేనట.