ఏ ఇరవయ్యారు?

ఆ కబురు నాకు మొదట తెచ్చింది అక్కుపల్లి నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే అవ్వ. గంప దించకుండానే చెప్పింది.

"ఓలమ్మా, మీ ఆయన పూండి కాడ కాలవ వంతెన దిగతా పడిపోనాడు. ముందు సెక్రం ఒక్కపాలి బిగుసుకుపోనాదట. సెయ్యి ఇరిగిందంతన్నారు. పేనానికేటీ బయం లేదు, బేగి రా."

చేతిలోని చేట కింద పెట్టాను. ప్రాణం ఉందన్నందుకు "దేవా, నీకు స్తోత్రం" అనుకున్నాను. నా పక్కనే నడుస్తూ అవ్వ ఇంకో మాట అంది.

"ఆ సైకిలు మావ బిగించిన సెక్రమే కదా. ముసిలోడికి సూపు ఆనడం లేదు గావాల."

నేను అడుగుల వేగం పెంచాను. నా మౌనం ఆ దారిలోనే మొదలైంది.

సైకిలు మావ మాకు చుట్టం కాదు. ఊళ్లో అందరికీ మావే. జీడితోట అంచున రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పంక్చర్లు వేస్తూ, చక్రాల వంపులు తీస్తూ బతికాడు. అక్షరం ముక్క రాదు. చక్రం తిప్పి, రిమ్ము పక్కన బొటనవేలు ఆనించి, వంపు ఎక్కడుందో చెప్పేసేవాడు. ఆయనకు ఉన్నదల్లా ఆ చేతులూ, వాటి మీద జనానికున్న నమ్మకమూ. ఆ నమ్మకం పోతే ఆ షెడ్డులో కూర్చునే పని ఉండదు.

నేను బడికి వెళ్లలేదు. అమ్మకు ఒంట్లో బాగుండక ఇంటిపని నా మీద పడింది. మా చిన్న సంఘంలో వాక్యం చదివే మా నాన్న పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాటల పుస్తకంలోంచి అక్షరాలు, పాటల నంబర్లలోంచి అంకెలు నేర్పాడు. అందుకు ఆయనకు ఎంత కృతజ్ఞత చెప్పుకున్నా తక్కువే. అయితే నాకు అంకెలంటే పాటల నంబర్లే. పుస్తకంలో ఇరవయ్యారు అంటే ఒక్కటే పాట. ఎవరి పుస్తకం తెరిచినా అదే పాట.

మా బావగారు టెక్కలిలో గుమస్తా. మా ఆయనకు అన్నగారు. ఒకప్పుడు మోజుపడి లావు టైర్ల గేరు సైకిలు కొనుక్కుని, మోటారు సైకిలు వచ్చాక దాన్ని తమ్ముడికిచ్చారు. మా ఆయన దాని మీదే జీడి ఫ్యాక్టరీకి వెళ్లివచ్చేవాడు. ఉప్పుగాలికి ముందు రిమ్ము తుప్పు పట్టి ఒకరోజు అంచు చీలిపోయింది. ఆయనకు డ్యూటీ ఉంది కాబట్టి చక్రం తేవడానికి నేనే పలాస వెళ్లాను.

"ఏ సైజమ్మా?" అన్నాడు దుకాణం ఆయన.

"ఇరవయ్యారు."

"ఏ ఇరవయ్యారు?"

నాకు నవ్వొచ్చింది. "ఇరవయ్యారులు ఎన్నుంటాయి బాబూ?" అన్నాను. షాపు నిండా జనం. ఆయన ఇంకేమీ అడగకుండా మామూలు సైకిలు చక్రం ఒకటి టైరుతో సహా దించి ఇచ్చాడు. దాని మీద ఇరవయ్యారు అని ఉందో లేదో చదివి చూసుకునే తెచ్చాను. పాత టైరు మీద ఆ అంకె పక్కన చుక్క పెట్టి ఇంకో అంకె ఉంది. కొత్తదాని మీద చుక్క లేకుండా, ఒకటి పక్కన అర ముక్క వేసి ఒకటిన్నర అని ఉంది. అది టైరు లావు గురించే అనుకున్నాను. సన్న టైరయితే తొక్కడం తేలిక కదా అని సంతోషించాను కూడా.

మావ ముందుగా పాత లావు టైరును కొత్త రిమ్ము మీదికి ఎక్కించి చూశాడు. ఎక్కలేదు.

"ఇది దీంది కాదు తల్లీ."

"పాత టైరు కదా మావా, బిగుసుకుపోయుంటాది."

"రబ్బరు సాగుద్ది గానీ కుంచించుకుపోద్దేటి?"

అయినా దాని సన్న టైరుతోనే చక్రాన్ని ఫోర్కులో పెట్టి సైకిలు నిలబెట్టాడు. ముందు చక్రం, వెనక చక్రం ఒకే ఎత్తున ఉన్నాయి. ఆ రోజు సెలవని మా ఇంటికొచ్చి, నాతో షెడ్డు దాకా వచ్చిన బావగారు మోటారు సైకిలు మీద కూర్చునే అన్నారు.

"రెండూ ఈక్వలే కదా. నీ అనుమానం కాకపోతే."

"ఎత్తు సమానమే బాబూ. లావు టైరుకి సిన్న రిమ్ము, సన్న టైరుకి పెద్ద రిమ్ము. రెండూ కలిపితే ఒక్క ఎత్తే తేల్తాది. గానీ బ్రేకు పట్టుకునేది టైర్ని కాదు, రిమ్ముని. ఇలా సూడు, రిమ్ము ఏలంత మీదికి పోనాది."

బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య వేలు పెట్టి చూపించాడు. రబ్బర్లను వాటి గాడిలో ఎంత పైకి జరపగలడో అంతా జరిపాడు. అవి రిమ్ము కింది అంచును కొంచెం మాత్రమే పట్టుకున్నాయి.

"అరిగితే జారి పుల్లల్లోకి దూరుద్ది. ముందు బ్రేకు తీసేత్తాను, ఎనకదాంతోనే తొక్కమను. శ్రీకాకుళం నించి అసలు రిమ్ము తెప్పిత్తాను."

"ఒక్క బ్రేకుతో తొక్కడానికి అదేమైనా ఎడ్లబండా?" అన్నారు బావగారు.

"ఎడ్లబండికి బ్రేకే లేదు బాబూ. అందుకే ఎడ్లు బుద్దిగా నడుత్తాయి."

"నీకు చేతకాదని చెప్పు మావా. పలాసలో ఎవడో ఒకడు బిగిస్తాడు."

మావ ఆ మాట పట్టించుకోలేదు. నా వైపు తిరిగాడు.

"నువ్వు సదివినావు కదా తల్లీ. ఏటి రాసున్నాది?"

"ఇరవయ్యారే మావా. దాని మీదా అదే, దీని మీదా అదే."

"రాసున్నాదా? అయితే నా సెయ్యే తప్పు సెప్తన్నట్టు."

రెండు బ్రేకులూ బిగించి ఇచ్చాడు.

మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత వంతెన దిగేటప్పుడు మా ఆయన ముందు బ్రేకు నొక్కితే రబ్బరు రిమ్ము కిందికి జారి పుల్లల్లో ఇరుక్కుంది. చక్రం ఆగిపోయింది, మనిషి ముందుకు ఎగిరిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. టెక్కలిలో కట్టు కట్టించాం. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. ఇప్పటికీ అన్నం ముద్ద సరిగా కలుపుకోలేడు.

మర్నాడే బావగారు షెడ్డు దగ్గరికి వెళ్లి నలుగురిలో నిలదీశారు. నేనూ వెనకే వెళ్లాను. "చదువూ సంధ్యా లేనివాడి చేతికి బండి ఇస్తే ఇంతే" అన్నారు. ఒక్క మాట చెప్పి మావ బయటపడవచ్చు. నా వైపు చెయ్యి చూపిస్తే చాలు. చూపించలేదు.

"నా సేత్తోనే బిగించాను బాబూ" అన్నాడు. అంతే.

ఆ వారం మళ్లీ పలాస వెళ్లాను. దుకాణం ఆయన రెండు రిమ్ములు పక్కపక్కన పెట్టి చూపించాడు. "చుక్క ఉన్న ఇరవయ్యారు వేరు, ముక్క ఉన్న ఇరవయ్యారు వేరమ్మా. ఆ రోజు అడిగాను కదా." ఒకటి ఇంకోదాని కంటే చుట్టూ వేలంత పెద్దది. మావ వేలు పెట్టి చూపించినంత.

ఇంటికొచ్చి చెబితే బావగారు, "నయమైపోతోంది కదమ్మా, ఇప్పుడు మనదే తప్పని చెప్పుకుంటే ఫ్యామిలీ పరువేం కాను?" అన్నారు. మా ఆయన, "మావ ఏటీ అనుకోడులే, ఒగ్గీ" అన్నాడు. వాళ్లు చెప్పారు కాబట్టి ఊరుకున్నానని రాయాలని ఉంది. కాని నేను ఊరుకున్నది నా చదువుకు మచ్చ వస్తుందని.

కట్టు విప్పాక మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. సాక్ష్యం చెప్పాల్సింది నేనే. కాగితం మీద రాసుకుని మరీ చదివాను. దేవునికి, డాక్టరుగారికి, కబురు తెచ్చిన అవ్వకు, అన్నం వండి పంపిన ఇరుగుపొరుగుకు, అందరికీ వందనాలు చెప్పాను. పిలవకపోయినా మావ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆయన నిలబడి ఉన్నాడని తెలిసీ కాగితంలో ఉన్నదే చదివాను. భోజనాలు పెడుతుంటే ఉండమన్నాను. ఉండలేదు.

"బాగా సదివినావు తల్లీ" అని వెళ్లిపోయాడు.

అప్పటికే జనం సైకిళ్లు పూండికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. వానలు పడేలోపు షెడ్డు మూతపడింది. మావ మూలపేట పోర్టు పనులకు వెళ్లి లారీల దగ్గర టైర్లు విప్పే కూలికి చేరాడు. ఒకరోజు బస్సెక్కి అక్కడికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను.

"తెలుసు తల్లీ. టైరు ఎక్కనప్పుడే తెలుసు."

"మరి ఎందుకు గట్టిగా చెప్పలేదు మావా?"

"సెప్పినాను. నువ్వు రాసున్నాదన్నావు."

కోపంగా అనలేదు. ఎవరో లారీవాళ్లు పిలిస్తే లేచి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధనలో లేచి అంతా చెప్పాను. చక్రం తెచ్చింది నేను, మావ వద్దన్నాడు, పట్టుబట్టింది నేను. చెప్పి కూర్చున్నాక ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకున్నారు. ఎంత తగ్గింపు మనసమ్మా అన్నారు. ఆ పొగడ్త కూడా నాకే వచ్చింది. వాళ్లలో ఒక్క ఇంటివాళ్లు కూడా మూలపేట వెళ్లి మావను తిరిగి రమ్మనలేదు. ఊరికి పోయిన నమ్మకం మళ్లీ రాలేదు. పూండిలో షాపు అలవాటైపోయింది, అంతే.

అందుకే ఇది రాస్తున్నాను. నన్ను మెచ్చుకోవద్దు. మీరు ప్రార్థన చేసుకునేవారైతే మా ఆయన చెయ్యి గురించి కూడా అడగక్కర్లేదు, దానికి మేమున్నాం. మూలపేట ఎండలో లారీ టైర్లు విప్పుతున్న ఆ పెద్దాయన్ని తలుచుకోండి. పనిలో ఆయన తప్పు చేయలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు మా ఊరి బయట కూడా కొందరు ఉండాలి.