ఎర్రకుట్టు అక్క దుకాణం

గత వారం మా పై అంతస్తులో ఉండే అమ్మాయి, పంజాగుట్టలో తాను తెరవబోయే చిన్న బట్టల దుకాణానికి ఎవరిచేతనో గీయించిన మూడు బోర్డు నమూనాలను ఫోనులో తెచ్చి, ఏది బాగుందో చెప్పమంటూ నా పక్కన కూర్చుంది. ఉద్యోగకాలమంతా డ్రాయింగు బల్ల ముందు గడిపినదాన్ని కనుక, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం, గీతల మందం, కింది అంచు సమంగా ఉన్నదీ లేనిదీ నా కంటికి ఇట్టే తెలుస్తాయని ఆమె నమ్మకం. అది తప్పు నమ్మకమూ కాదు. అయితే, చిన్న దుకాణాలకే బ్రాండ్ ఐడెంటిటీ ఎక్కువ అవసరమని ఆమె చెబుతుంటే, నేను నమూనాలు చూడడం మాని, అమీర్‌పేటలో మా పిన్ని నడిపిన దుకాణాన్నీ, దానికి నా చదువు చేసిన అపకారాన్నీ తలచుకుంటూ ఉండిపోయాను.

అవి పంజాగుట్ట చౌరస్తాకు ఇంకా వంతెన లేని రోజులు. సివిల్ డిప్లొమా చేతపట్టుకుని తెనాలి నుంచి వచ్చి, పంజాగుట్టలో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను; ఆ ఉద్యోగంలో ఆడవాళ్లకు వేరే పేరు ఉండాలని అప్పట్లో ఎవరికీ తోచినట్టు లేదు. అమీర్‌పేటలో పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. బాబాయి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడిన తరువాత ఆ ఇల్లు పిన్ని కుట్టుమిషను మీదే నడిచేది. మెయిన్ రోడ్డు పక్కన, ఒక పాత మేడమెట్ల కింద, మిషనూ కత్తిరింపు బల్లా పోను ఇద్దరు నిలబడగలిగినంత చోటు ఆమె దుకాణం. పైనున్న రేకు మీద "లేడీస్ టైలర్" అన్న మాటలు తప్ప పేరంటూ ఏమీ లేదు. హాస్టళ్లలో ఉండి చదువుకునే అమ్మాయిలూ, పంజాగుట్ట ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్లూ, చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ కొలతకోసం తమకు సరిపోయిన పాత జాకెట్టును, అంటే ఆది జాకెట్టును, కొత్త గుడ్డలో చుట్టుకుని వచ్చేవారు.

పిన్నికి ఒక అలవాటు ఉండేది. జాకెట్టు కుట్టడం పూర్తయ్యాక, లోపలివైపు, హుక్కుల పట్టీ కింది కొసన, ఎర్రదారంతో పక్కపక్కనే మూడు చిన్న నిలువు కుట్లు వేసేది. జాకెట్టు ఏ రంగుదైనా దారం ఎర్రదే. ఎర్ర జాకెట్టుకూ ఎర్రదారమే, అక్కడ కంటికి కనబడకపోయినా వేలికి తగిలేది. వచ్చేవాళ్లంతా ఆమెను "ఎర్రకుట్టు అక్క" అనేవారు. మిల్లీమీటర్లలో ఆలోచించడం కొత్తగా అలవాటైన నేను ఒకనాడు ఆ కుట్లను స్కేలు పెట్టి కొలిచాను. మొదటిది నాలుగు, నడిమిది ఆరు, మూడోది అయిదు. ఆ మూడోది కాస్త కుడికి ఒరిగి ఉండేది. ఎన్ని జాకెట్లు చూసినా అంతే. ఇంత నేర్పరి చేతికి ఈ వంకర ఏమిటని నాకు చిన్నతనంగా తోచేది.

మేడ యజమాని దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకుంటానని కబురు పెట్టడంతో, దుకాణాన్ని రెండు మలుపుల అవతల ఒక గల్లీలోకి మార్చవలసి వచ్చింది. ఆ సాయంత్రం పిన్ని మిషను తుడుస్తూ, "రోడ్డు మీద పోయేవాళ్లకి కనబడం కదే, ఎలా వస్తారంటావు?" అని అడిగింది. అన్ని సంవత్సరాలలో ఆమె గొంతులో నేను భయం విన్నది అప్పుడే. ఆ భయం తీర్చే భారం నాదనుకున్నాను. దుకాణానికి "న్యూ ఫ్యాషన్" అని పేరు పెట్టి, స్టెన్సిల్‌తో అక్షరాలు దిద్ది, నీలం మీద తెలుపుతో బోర్డు రాయించాను. ఆ పేరే నేసిన చిన్న పట్టీలు తయారు చేయించి, ఇకమీదట జాకెట్ల లోపల ఇవి కుడితే చాలు, ఆ ఎర్రకుట్లు వద్దన్నాను. పిన్ని పట్టీని రెండువైపులా తిప్పి చూసి, "చదువుకున్నదానివి, నీకు తెలియదా" అంది. అది ఒప్పుకోవడమేననుకున్నాను నేను.

గల్లీలోకి మారాక మొదటి వారం ఎవరూ రాకపోతే, ఇంకా తెలియలేదనుకున్నాం. రెండో వారం పిన్ని ఇంట్లోవాళ్ల పాత దిండుగలేబులు విప్పి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. మిషను చప్పుడు ఆగితే బాబాయి కంగారు పడతాడని ఆ పని పెట్టుకుందని నాకు తరువాత అర్థమైంది.

మూడో వారంలో ఒక ఆదివారం, పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఆమె వచ్చింది. పిన్ని దగ్గరకు ఏళ్లుగా వచ్చే మనిషి. దుకాణం మారకముందు ఆమె ఇచ్చిపోయిన గుడ్డను మారిన తరువాత కుట్టి, కొత్త పట్టీ వేసి ఇస్తే, ఆఫీసుకు వెళుతూ నేనే ఆమెకు అందించి, కొత్త గల్లీ గుర్తులు చెప్పాను. ఆ జాకెట్టును లోపలిది పైకి తిప్పి బల్ల మీద పరిచింది.

"ఏందక్కా, పని బయటోళ్లకి ఇస్తున్నవా? గిది నీ చెయ్యి గాదు."

"అయ్యో, నేనే కుట్టానమ్మా. ఒట్టు," అంది పిన్ని.

"మరి నీ ఎర్రకుట్టేది? గీ పట్టీ ఎవలది? రెండుసార్లు గీ గల్లీల తిరిగిన. గా బోర్డు జూసి ఎవరో కొత్తోళ్లు వచ్చిండ్రనుకొని వాపస్ పోయిన. నువ్వు బంద్ చేసి ఊరికి పోయినవని మా చెల్లె సుత అన్నది. ఇయ్యాల మిషన్ ముంగట నిన్ను జూసి లోపలికొచ్చిన."

పిన్ని మొహం ఎర్రబడింది. తన పనిని ఎవరైనా మరొకరి పని అనగా ఆమె వినడం అదే మొదటిసారి. చిన్న కత్తెరతో పట్టీని విప్పింది. ఆ జాకెట్టును అంతకుముందెన్నడూ చూడనట్టు భుజాల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టి ప్రతి కుట్టునూ వేలితో తడిమింది, ఒక్కొక్క హుక్కునూ లాగి చూసింది. అప్పుడు సూదిలోకి ఎర్రదారం ఎక్కించి మూడు కుట్లు వేసింది.

"ఆఁ, గిప్పుడు నీదైంది," అని నవ్వింది ఆయా. "జర గా బోర్డు సుత తీసెయ్యక్కా. బ్యాంకు లెక్కున్నది, లోపలికి రావాలంటే భయమైతున్నది."

ఆమె వెళ్లాక, ఆ కుట్టు ఎందుకు వేస్తావని పిన్నిని మొదటిసారి అడిగాను. "అంతా చూడ్డం అయ్యాక వేస్తానే. అది పడిందంటే ఇంక నేను చూసుకోనక్కర్లేదని," అంది, అదొక చెప్పుకోవలసిన సంగతే కాదన్నట్టు. మీలో డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నవారికి నా సిగ్గు అర్థమవుతుంది. ప్రతి షీటుకూ కుడివైపు అడుగున, సరిచూసినవారు సంతకం చేయవలసిన గడి ఒకటి ఉంటుంది. ఆ సంతకం లేని ప్లానును మా ఆఫీసు గడప దాటనిచ్చేవారు కాదు. సంతకం వంకరగా ఉందని ఎవరూ కొట్టివేయరు. నేను మాత్రం పిన్ని సంతకాన్ని చెరిపి, ఆ స్థానంలో ఎవరిదీ కాని ఒక పేరును అందంగా రాసిపెట్టాను.

మరునాడు పిన్ని నాకు ఎప్పుడో కుట్టిన జాకెట్టు ఒకటి తీసుకుని, ఆ మూడు కుట్ల మీద ట్రేసింగు కాగితం వేసి, చదరాలు గీసి, సరిగ్గా యాభై రెట్లు పెంచాను. నాలుగు మిల్లీమీటర్లది ఇరవై సెంటీమీటర్లయింది, ఆరుది ముప్పై, అయిదుది పాతిక. మూడోదాని ఒరుగు కోణమానినితో కొలిస్తే ఏడు డిగ్రీలు వచ్చింది. ఆ ఏడూ అలాగే ఉంచాను. బోర్డు రాసే అతను నిచ్చెన మీద నుంచి, "మేడం, గీ లాస్టుది వంకరున్నది, జర సీదా చేస్తా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ వద్దన్నాను. "మీ ఇష్టం. నాకు రాదనుకుంటరు జనం," అని గొణుక్కుంటూ దిగాడు. తెల్ల రేకు మీద మూడు ఎర్రగీతలు, వాటి కింద పాత మాటలే, "లేడీస్ టైలర్."

తరువాతి ఆదివారం గల్లీ మలుపులో ఒక పెద్దావిడ సంచిలోంచి ఆది జాకెట్టు తీసి, లోపలివైపు తిప్పి పట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి బోర్డునూ చూస్తూ నిలబడి ఉండడం నేను లోపలి నుంచి చూశాను. వెళ్లి పిలుద్దామని లేచిన నన్ను పిన్ని చేయి పట్టుకుని ఆపింది. ఆవిడ తనంతట తానే వచ్చింది. ఆ నెలలోనే, దిండుగలేబులు సగం విప్పినవి విప్పినట్టే మూలకు వెళ్లాయి.

ఆ గల్లీలో పిన్ని మరి పదిహేనేళ్లు కుట్టింది. దుకాణం చివరి రోజును నిర్ణయించింది కూడా ఆమే. చేయి సన్నగా వణకడం మొదలైన కొత్తలో, ఒక హాస్టలు అమ్మాయి జాకెట్టును పూర్తిచేసి, తిప్పి తిప్పి చాలాసేపు చూసి, ఎర్రదారం ఎక్కించిన సూదిని కుట్టు వేయకుండానే తిరిగి సూదుల దిండులో గుచ్చేసింది. చంక దగ్గర కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయింది. తొడుక్కునే ఆ పిల్లకు ఎన్నటికీ తెలిసేది కాదు. దాన్ని విప్పి, మరునాడు మళ్లీ కుట్టింది. మళ్లీ సూది గుచ్చేసింది. కొత్త గుడ్డ కొని ఇచ్చి, ఆ పిల్లను మరో టైలరు దగ్గరకు తానే వెంటబెట్టుకుని వెళ్లి వచ్చి, బాబాయిని పిలిచి షట్టరు దించమంది.

ఇప్పుడు ఆ గల్లీలో నిలబడి తల ఎత్తితే ఆకాశం కంటే బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో చాలావాటి అక్షరాలు నేను గీసినవాటికంటే బాగుంటాయి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. జాకెట్లు కూడా ముందే కుట్టి ఉంచిన రెడీమేడ్‌వే ఇంటికి వస్తున్నాయి. పాత అలవాటు పోక, వచ్చిన ప్రతిదాన్నీ లోపలివైపు తిప్పి, వెలుతురు దగ్గరకు పట్టుకుని చూస్తాను. కుట్లు తిన్నగా ఉంటాయి, అంచులు సరిగ్గా మడిచి ఉంటాయి, తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. చాలా బాగా కుట్టావమ్మా అని చెప్పడానికి ఎవరి దగ్గరకు వెళ్లాలో మాత్రం తెలియదు.