చేతికి రాని లాభానికి దశమభాగం

ఆ రోజుల్లో, అంటే ఫోన్లో షేర్లు కొనడం నేర్చుకున్న మొదటి ఏడాదిలో, గుణదల నుంచి ఇబ్రహీంపట్నం దాకా నాకంటే తెలివైనవాడు ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. (రోజూ ఆ దారినే బస్సులో ఉద్యోగానికి వెళ్లేవాణ్ణి కాబట్టి, అందరి మొహాలూ చూసే తేల్చాను.) చెల్లెలి నర్సింగ్ కాలేజీ ఫీజుకని రెండేళ్లు కూడబెట్టిన అరవై వేలూ, జూన్‌లో కట్టాల్సినవి, జనవరిలో తీసుకెళ్లి ఒకే కంపెనీ షేర్లలో పెట్టాను. నెల తిరిగేసరికి ఫోన్లో ఆకుపచ్చ రంగులో ఇరవై వేల లాభం కనిపించింది. కనిపించింది అన్న మాట దగ్గర మీరు కాస్త ఆగాలి. నేను అప్పుడు ఆగలేదు.

ఇంటికొచ్చి, ఇరవై వేలు వచ్చాయని అమ్మకు చెప్పాను. మా ఇంట్లో నా జీతమైనా, అమ్మ జాకెట్లు కుట్టిన డబ్బులైనా, ముందు పదో వంతు తీసి చర్చి కవర్లో పెట్టాకే మిగతా ఖర్చులు. అమ్మ ఆ కవరు పట్టుకొచ్చి, దేవుడి భాగం రెండు వేలు పెట్టమంది. షేర్లు అమ్మితేనే డబ్బు చేతికొస్తుందనీ, ఇప్పుడే అమ్మేస్తే ఇంకా పెరగాల్సింది పోతుందనీ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ ఓపిగ్గా అంతా విని, "అయితే ఇంకా రాలేదన్నమాట" అంది. దాంతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వచ్చిందని రుజువు చేయడానికి జీతంలోంచి రెండు వేలు తీసి కవర్లో పెట్టేశాను. ఆదివారం మా పాస్టరుగారు, షేర్ల వ్యాపారంలో దేవుడు నన్ను దీవించినందుకు కృతజ్ఞతార్పణ అని చదివితే సంఘమంతా స్తోత్రం చెప్పింది. నేను కాలరు సర్దుకున్నాను.

మార్చిలో ఆ ఆకుపచ్చ కాస్తా ఎరుపైంది. ఏప్రిల్‌కు అరవై వేలు యాభై ఒక్క వేలకు దిగింది. అన్నం సహించేది కాదు. చెల్లి యూనిఫాం గుడ్డ తెచ్చి చూపిస్తుంటే దాని మొహంలోకి చూడలేకపోయాను. సిగ్గు కంటే భయమే ఎక్కువ. చివరికి ఆ రెండు వేలూ వెనక్కి అడుగుదామని పాస్టరుగారింటికి బయల్దేరాను. దారి పొడుగునా రిహార్సల్ వేసుకున్నాను గానీ, ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టేసరికి నోరు రాక, ప్రార్థన చేయమని మాత్రం అడిగాను. ఆయన సంగతంతా విని, ఎప్పుడు అమ్మావని అడిగారు. అమ్మలేదన్నాను.

"మరి లాభం ఎట్టా వచ్చింది బాబూ?"

"కనిపించిందండీ."

పాపం, ఆయన నవ్వలేదు. ఈసారి ఫీజుకు సరిపడా కనిపిస్తే ఆ రోజే అమ్మెయ్యమని చెప్పి, ప్రార్థన చేసి పంపించారు.

మే నెలాఖర్లో ధర ఎలాగో కోలుకుంది. అరవై ఒక్క వేల తొమ్మిది వందల దగ్గర అన్నీ అమ్మేశాను. డబ్బు బ్యాంకులో పడ్డాక గానీ తెలియలేదు, వచ్చిన లాభం పందొమ్మిది వందలైతే నేనిచ్చిన కానుక రెండు వేలని. చెల్లి ఫీజు కట్టిన రశీదు అమ్మ చేతిలో పెట్టి, ఈసారి లాభం నిజంగా వచ్చిందని, ఎంతో కూడా చెప్పాను. అమ్మ కళ్లు తుడుచుకుని, లోపలికెళ్లి కవరు తెచ్చి, నూట తొంభై పెట్టమంది. ముందిచ్చిన రెండు వేల సంగతి ఎత్తబోయాను.

"అది రానిదానికి ఇచ్చావుగా నాన్నా" అంది.

జేబులోంచి తీసి ఇచ్చాను. ఇప్పుడా కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ నూట తొంభై లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు వాడికి కలిగిన సంతోషం, ఆ తర్వాత ఏ లాభానికీ నాకు కలగలేదు.