ఫ్రాన్సు కోట, మా బెల్లం గోడ

మాది అనకాపల్లి. నిరుడు మా మరిదికి కంపెనీ ఇచ్చిన టూర్‌లో మా తోటికోడలు పద్మ కూడా ఫ్రాన్సు వెళ్లింది. అక్కడి పాత కోట ముందు దిగిన ఫొటోలు రోజూ వాట్సాప్‌లో పెడుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఫ్రాన్సు ఎలాగూ వెళ్లలేను. కనీసం పద్మ తిరిగొచ్చేసరికి మా ముందుగది వాళ్ల హాలుకంటే మెరిసిపోవాలనుకున్నాను. మా మావగారి తండ్రి కట్టించిన సున్నపు గోడను చెక్కించేసి, తళతళలాడే టైల్స్ వేయించాను.

పద్మ రానే వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అక్కా, ఆ కోట గోడలు కూడా సున్నంతో కట్టినవేనంట. పెచ్చు ఊడితే సిమెంటు తగలనివ్వరు, మళ్లీ సున్నమే పూత్తారు. మేకు కొట్టాలన్నా గవర్నమెంటు ఒప్పుకోవాలంట. మన గోడ సున్నంలో బెల్లంపాకం కలిపేరని సెప్తే గైడు నోరెళ్లబెట్టేడు. ఫొటో పంపుతానన్నాను. ఏదీ, గోడ?"

నేను టైల్స్ వైపు చూపించాను. పాలిపోయిన నా మొహం వాటిలో స్పష్టంగా కనిపించింది.

"ఏటక్కా, ఎంత పని సేసేవు!" అంటూ పద్మ పెరట్లోకి పరుగెత్తింది. చెక్కి పోసిన కుప్పలోంచి అరచేయంత పెచ్చు ఏరి, కొంగుతో తుడిచి, పట్టుకెళ్లిపోయింది.

ఇప్పుడది వాళ్ల షోకేసులో కోట ఫొటో పక్కనే ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. నిజం చెప్పాలంటే, ఆ ఫొటో చూస్తే నాకిప్పుడు ఏమీ అనిపించదు. మా గోడ పెచ్చును చూస్తేనే ఒళ్లు మండుతుంది.