చెక్కచేప కడుపులో బుడగలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చెక్కచేప ఉండేది. ఆడుకునే బొమ్మ కాదు, పనిముట్టు. తేలిక చెక్కను చేప మాదిరి చెక్కి, కడుపులో గాలం దిగ్గొట్టి, తాడు కట్టి తెప్ప వెనకాల ఈడ్చుకుంటా పోతే, అది నిజం చేపనుకుని పెద్ద వంజరం చేప వచ్చి కరుచుకునేది. మాది మైపాడు పక్కన పల్లె. దాన్ని చేసింది మా తాత. నేను పుట్టకముందే ఆయన పోయినాడు. ఆ చెక్క ఒంటినిండా వంజరాల పంటి గాట్లే. వీపు మీద తల నుంచి తోక దాకా ఒక పగులు.

ఆ పగులుతో మా నాయన విసిగిపోయినాడు. చెక్క నీళ్ళు తాగి, బరువెక్కి, పక్కకు ఒరిగి చచ్చిన చేప మాదిరి వచ్చేది. చచ్చినదాని వంక వంజరం చూడను కూడా చూడదు. నాయన ఒడ్డుకు రాగానే పగులులో గుగ్గిలం కరిగించి పోసేవాడు. నాలుగు దినాలకు అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. ఒకసారి గాలి ఎక్కువై తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నప్పుడు, కోపం పట్టలేక దాన్ని తెచ్చి పొయ్యి పక్కన కట్టెల్లో పడేసినాడు.

మా మేనత్త దాన్ని తీసి కొంగులో చుట్టుకుంది. ఆమె నాయనకు అక్క. మొగుడు పోయినాక మా ఇంట్లోనే ఉండేది. వాళ్ళ నాయన చేతి వస్తువు అదొక్కటే మిగిలింది. ఆ మాట మాత్రం ఆమె అనలేదు. గాలి తగ్గేదాకా నాకియ్యి అని అడిగింది, అంతే.

"అప్పుడు గూడా నీళ్ళు తాగిందంటే నేనే పొయ్యిలో పెడతా," అన్నాడు నాయన.

అత్త తొందరపడలేదు. పాత గుగ్గిలమంతా గీకేసి, చూరు కింద నీడన వేలాడదీసింది. ఎండలో పెడితే బిన్నా, ఒక్క పూటలోనే ఆరుతుంది గదా అన్నాను.

"ఎండకు పైన ఆరి పగులుద్ది పాపా. లోపలి తడి లోపలే ఉంటది. తడి మీద ఏం పూసినా నిలవదు."

పొద్దున లేస్తానే దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసేది. ఆ చేతికి తక్కెడ అవసరం లేదు. ఇంక బరువు తగ్గడం లేదని తేలినాక గిన్నెలో నీళ్ళు కాచి, చెక్కచేపను అందులో ముంచి పట్టుకుంది. అరుగు మీద వల బాగుచేసుకుంటా ఉన్న నాయన నవ్వినాడు.

"స్నానం చేయిస్తా ఉండావా అక్కా? తలకు నూనె గూడా పెట్టు."

"పెడతాలేరా. నొప్పి యాడుందో ముందు దాన్ని చెప్పనీ."

వేడికి లోపలి గాలి ఉబ్బి, సందు ఉన్న చోటి నుంచి బయటికి వస్తుందంట. నేను పగులు మీదే కళ్ళు పెట్టుకుని కూచున్నా. అక్కడ ఏమీ లేదు, అది పైపై పగులే. బుడగలు కింద నుంచి వచ్చినాయి. కడుపులో గాలం దిగిన చోటి నుంచి, ఒకదాని వెనక ఒకటి. నాయన వల పక్కన పెట్టి లేచొచ్చినాడు. అన్నేళ్ళూ వీపుకు మందేసినాడు. దెబ్బ కడుపులో ఉంది. వంజరం కరిచి గుంజినప్పుడల్లా గాలం కదిలి, చుట్టూ చెక్క వదులైపోయింది.

అత్త దాన్ని మళ్ళీ ఆరబెట్టింది. గాలం ఊడదీసి, గుగ్గిలంలో ముంచిన నూలు దారం దాని మొదలుకు బిగించి చుట్టి, తిరిగి దిగ్గొట్టింది. పంటి గాట్లను గుగ్గిలంలో రంపపు పొట్టు కలిపి పూడ్చింది. చెక్కను నిప్పుల సెగకు వెచ్చబెట్టి, నూనెలో కరిగించిన గుగ్గిలం ఒళ్ళంతా పలచగా పూస్తే, వెచ్చటి చెక్క గటగటా తాగేసింది. చివర్న వీపు పగులుకు గూడా ఒక పూత వేసింది. "దీనికి కోపం రాకుండా," అంది.

గాలి తగ్గినాక నాయన తెల్లారుజామున పోయి మధ్యాహ్నానికి వచ్చినాడు. అన్నిటికంటే ముందు చెక్కచేపను తీసి అత్త చేతిలో పెట్టినాడు. ఆమె అరచేతిలో ఆడించి చూసింది. బరువెక్కలేదు. పూత మీద కొత్త పంటి గాట్లు పడినాయి. తెప్పలో ఉన్న వంజరం నేను ఎత్తలేనంత ఉంది. మా ఇంట్లో చేప తలకాయ ఎప్పుడూ నాయన పళ్ళెంలోకే పోయేది. ఆ పూట తనే తీసి అత్త పళ్ళెంలో వేసినాడు.

నాకు అక్షరాలు చాలా ఆలస్యంగా, బిడ్డలు పెళ్ళీడుకొచ్చినాక వచ్చినాయి. ఊళ్ళో పెద్దోళ్ళకు చదువు చెప్తా ఉంటే నేనూ పోయినా. ఎన్నాళ్ళు పోయినా ఒక్క ముక్క ఎక్కలేదు. వయసు మీరింది, తల మొద్దుబారింది అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నా. ఒకనాడు పలక ముందేసుకుని కూచుంటే అత్త గిన్నె గుర్తొచ్చింది. అందరూ తలనే అంటా ఉండారే, బుడగ అక్కడి నుంచే వస్తా ఉందా అని. బస్సెక్కి నెల్లూరు పోయి కళ్ళు చూపించుకున్నా. అద్దాలు పెట్టుకుంటే తలకట్టు ఏదో, గుడి ఏదో విడివిడిగా కనబడినాయి. తలకు ఏ రోగం లేదు.

ఇప్పుడు అత్త లేదు. తెప్పలూ లేవు. ఫైబరు పడవల పిల్లోళ్ళు ప్లాస్టిక్ చేపలు కొంటారు, పాడైతే పారేస్తారు. వాళ్ళను నేనేమీ అనను, వంజరానికి ఏదైనా ఒకటే. చెక్కచేప మాత్రం నా దగ్గరుంది. అప్పుడప్పుడు గిన్నెలో నీళ్ళు వెచ్చబెట్టి దాన్ని ముంచి చూస్తా. అత్త చుట్టిన దారం దగ్గర ఇంతవరకు ఒక్క బుడగ రాలేదు.