లేని తాగుబోతు

బేతంచెర్ల బండల గనిలో రాళ్లు కొట్టే కుళ్లాయప్ప సారాయికి బానిసయ్యాడు. మద్యనిషేధం వచ్చి ఏళ్లు గడిచినా వంకలో సారాయి కాగుతూనే ఉండేది. అదే గనిలో రాళ్లు మోసే అతని పెళ్లాం ఓబుళమ్మ, మొగుడి చేత తాగుడు మాన్పించాలని మొదట దర్గాకు పోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు ఒంటి మీద ఉండగా తాగితే కీడని ఆ మహాభక్తుడికి భయం. అందుకని తాగబోయే ముందు దాన్ని విప్పి, కళ్లకద్దుకుని, గూట్లో భద్రంగా పెట్టిపోయేవాడు.

ఇక మిగిలింది ఊరి మద్యనిషేధ సంఘం. దాని అధ్యక్షుడు శేషారెడ్డికి ఖద్దరు ఎంత తెల్లగా ఉండేదో కళ్లు అంత ఎర్రగా ఉండేవి.

"కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చేదానికి ఒక మాట సాయం చెయ్యి రెడ్డెప్పా" అని ఓబుళమ్మ అడిగింది.

"మన ఊర్లో తాగేవాళ్లే లేరని పైకి రాసిచ్చినాం. లేనోనికి ఆసుపత్రి ఏమిటికమ్మా?" అన్నాడాయన. పక్కనున్న సభ్యులు వేదవాక్కు విన్నట్టు తలలూపారు.

ఆ వారమే సంఘాన్ని మెచ్చుకోవడానికి జిల్లా అధికారి వచ్చాడు. శేషారెడ్డి ఉపన్యాసం మంచి ఊపు మీద ఉండగా ఓబుళమ్మ ఎద్దులబండి తోలుకొచ్చింది. ఒళ్లు తెలియని మొగుణ్ని దించి, పూలదండలు పెట్టిన బల్ల ముందు పండబెట్టింది.

"ఎవరమ్మా ఇతను?" అన్నాడు అధికారి.

"ఎవరూ లేరు సామీ. రెడ్డెప్పనడగండి" అని ఆమె ఎద్దులను వెనక్కి మళ్లించింది. "లేనోడు మీకేం అడ్డం రాడులే. మీరు కానీండి."